వాషింగ్టన్‌లో రాతి లాంతరు వెలిగించే వేడుకకు ఎలా వెళ్లాలి?

మార్చి దగ్గర పడుతోందంటే చాలు, వర్జీనియా, మేరీలాండ్‌లలో ఉండే తెలుగువాళ్ల నుంచి ఒకే రకం ప్రశ్నలు వస్తుంటాయి. "అమ్మానాన్న వచ్చారు, చెర్రీ పూలు చూపించాలి, ఏ రోజు వెళ్తే మంచిది?" "జపాన్ వాళ్లు దీపం వెలిగించే వేడుక ఒకటి ఉందట, దానికి టికెట్టు కావాలా?" "మనలాంటి వాళ్లను రానిస్తారా?" విడివిడిగా జవాబులు చెప్పేకంటే అన్నీ ఒకచోట రాస్తే నలుగురికీ పనికొస్తుంది.

రానిస్తారా అన్న ప్రశ్నకు జవాబు ముందే చెబుతాను: నిక్షేపంగా రానిస్తారు. ఇది జనం కోసం బహిరంగంగా జరిపే వేడుక. పూలు చూడటానికి ఏ రోజైనా వెళ్లవచ్చు. ఈ వేడుక మాత్రం ఏడాదికి ఒక్కసారే. రెండూ ఒకేరోజు కుదిరితే అదృష్టం. కుదరకపోతే వేడుకనే ఎంచుకోమంటాను. ఎందుకో తెలియాలంటే కొంచెం చరిత్ర కావాలి.

1912లో టోక్యో మేయర్ యుకియో ఒజాకి వాషింగ్టన్ నగరానికి 3,020 చెర్రీ మొక్కలు పంపారు. అంతకు రెండేళ్ల ముందు పంపిన 2,000 మొక్కలకు పురుగు పట్టిందని అమెరికా వాళ్లు తగలబెట్టవలసి వచ్చింది. అయినా జపాన్ నొచ్చుకోకుండా మళ్లీ పంపింది. ఆ ఏడాది మార్చి 27న అధ్యక్షుడి భార్య హెలెన్ టాఫ్ట్, జపాన్ రాయబారి భార్య చిందా కలిసి టైడల్ బేసిన్ అనే నీటి మడుగు ఒడ్డున మొదటి రెండు మొక్కలు నాటారు. 1941 డిసెంబరులో జపాన్ అమెరికా నౌకాస్థావరం పెర్ల్ హార్బర్ మీద దాడి చేసిన నాలుగు రోజులకు ఎవరో నాలుగు చెట్లు నరికేశారు. యుద్ధకాలంలో ఏటా జరిగే చెర్రీ పూల ఉత్సవం ఆగిపోయి, 1947లో తిరిగి మొదలైంది. 1954లో, రెండు దేశాల మధ్య తొలి ఒప్పందం కుదిరి నూరేళ్లు నిండిన సందర్భంగా, జపాన్ ఒక రాతి లాంతరును కానుకగా ఇచ్చింది. ఎనిమిది అడుగుల ఎత్తు, దాదాపు రెండు టన్నుల బరువు ఉంటుంది. 1651లో చెక్కినది. టోక్యోలో ఉయెనోలోని కానేయిజి ఆలయంలో మూడు వందల ఏళ్లు నిలిచిన వస్తువు. యుద్ధం ముగిసి పదేళ్లయినా కాలేదు. బాంబులు వేసిన దేశానికి తమ గుడి ఆవరణలోని దీపాన్ని ఇచ్చారు. ఆ లాంతరును ఏటా ఒక్కసారి, ఈ వేడుకలోనే వెలిగిస్తారు. మీరు వెళ్లేది అది చూడటానికి.

ముందు తేల్చుకోండి: మీరు వెళ్లాలనుకుంటున్నది ఏ కార్యక్రమానికి?

జాతీయ చెర్రీ పూల ఉత్సవం మార్చి మూడో వారం నుంచి ఏప్రిల్ మధ్య దాకా సాగుతుంది. ఇందులో రకరకాల కార్యక్రమాలు ఉంటాయి. అన్నింటినీ "చెర్రీ ఫెస్టివల్" అనేయడం వల్లే సగం గందరగోళం.

ప్రారంభోత్సవం థియేటర్ లోపల జరుగుతుంది. జపాన్ నుంచి కళాకారులు వస్తారు. ముందుగా నమోదు చేసుకోనివాళ్లకు ప్రవేశం ఉండదు, సీట్లు త్వరగా అయిపోతాయి. ఊరేగింపు కాన్‌స్టిట్యూషన్ అవెన్యూ మీద సాగుతుంది. రోడ్డు పక్కన నిలబడి చూస్తే ఖర్చు లేదు, కుర్చీల వరుసల్లో కూర్చోవాలంటే టికెట్టు కొనాలి. సకురా మత్సురి అనేది జపాన్ తిండి, దుస్తులు, ఆటపాటల వీధి సంబరం. దానికీ టికెట్టు ఉంటుంది. పిల్లలకు బాగా నచ్చేది అదే.

రాతి లాంతరు వేడుక వీటన్నిటికంటే చిన్నది, నెమ్మదైనది. టైడల్ బేసిన్ ఒడ్డున, ఆరుబయట జరుగుతుంది. అమెరికా రాష్ట్రాల సంఘాల జాతీయ సమాఖ్య దీన్ని నిర్వహిస్తుంది. సందడి కోరుకునేవాళ్లు సకురా మత్సురికి వెళ్లండి. రెండు దేశాల స్నేహాన్ని దగ్గర నుంచి చూడాలనుకునేవాళ్లు దీనికి రండి. ఈ కింది సూచనలన్నీ దీని గురించే.

కావలసినవి

- ఆ ఏడాది వేడుక తేదీ, సమయం, వేదిక. ఉత్సవ నిర్వాహకుల అధికారిక ప్రకటనలో చూసినవే నమ్మండి.
- మెట్రో రైలు ఛార్జీ చెల్లించే స్మార్‌ట్రిప్ కార్డు. ఒక్కొక్కరికి ఒక్కొక్కటి ఉండాలి. ఒకే కార్డుతో ఇద్దరు లోపలికి వెళ్లడం కుదరదు. 2025 నుంచి మెట్రో గేట్ల దగ్గర ఆనించి చెల్లించే బ్యాంకు కార్డులు కూడా పనిచేస్తున్నాయి, కానీ అక్కడా మనిషికో కార్డు ఉండాల్సిందే.
- నడవడానికి అనువైన బూట్లు. చీర కట్టుకున్నా సరే, కాళ్లకు బూట్లే ఉండాలి.
- గాలిని ఆపే పైకోటు. పెద్దవాళ్లకు శాలువా, చెవులు కప్పే టోపీ.
- మడత స్టూలు ఒకటి, పెద్దవాళ్లు వెంట ఉంటే తప్పనిసరిగా.
- నీళ్లు, తేలికపాటి తిండి, చెత్త వేసుకోవడానికి ఒక సంచి.
- గుర్తింపు పత్రం. సందర్శక వీసా మీద వచ్చిన అమ్మానాన్నలైతే పాస్‌పోర్టు, ఐ-94 (అమెరికాలోకి ప్రవేశించిన నమోదు) ముద్రించిన కాగితం.

ఇవి చాలు. బహుమతులు, పూలగుచ్ఛాలు ఏవీ అక్కర్లేదు.

దశలవారీగా

1. తేదీని పూలతో ముడిపెట్టకుండా నిర్ణయించుకోండి

చాలామంది పొరబడేది ఇక్కడే, కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

వేడుక తేదీని నెలల ముందే క్యాలెండర్ చూసి నిర్ణయిస్తారు. ఎక్కువగా ఆదివారం మధ్యాహ్నం పెడతారు. పూలు మాత్రం వాతావరణాన్ని బట్టి పూస్తాయి. యోషినో రకం చెట్లలో 70 శాతం మొగ్గలు విచ్చుకున్న రోజును నేషనల్ పార్క్ సర్వీస్ వాళ్లు నిండు పూత రోజుగా ప్రకటిస్తారు. అది 2023లో మార్చి 23, 2024లో మార్చి 17, 2025లో మార్చి 28. 2024లోనైతే ఉత్సవం మార్చి 20న మొదలైంది, అంటే పూలు మూడు రోజుల ముందే నిండుగా పూసేశాయి. రికార్డుల ప్రకారం అన్నిటికంటే తొందరగా 1990లో మార్చి 15న, అన్నిటికంటే ఆలస్యంగా 1958లో ఏప్రిల్ 18న పూత నిండింది. నెలకు పైగా తేడా! అందువల్ల "వేడుక రోజున పూలుంటాయా?" అని జనవరిలో అడిగితే ఎవరూ చెప్పలేరు. చెప్పినా నమ్మకండి.

మీరు చేయవలసింది ఇది. వేడుక తేదీ ప్రకటించగానే ఆ రోజును ఖాళీగా పెట్టుకోండి. పూల కోసం మరో పూట, వీలైతే పనిరోజు ఉదయాన్నే, వేరుగా పెట్టుకోండి. ఆ పూటను ముందే ఖరారు చేయకండి. మొగ్గల దశను పార్క్ సర్వీస్ వాళ్లు ఎప్పటికప్పుడు చెబుతుంటారు. పచ్చని మొగ్గతో మొదలై నిండు పూతతో ముగిసే ఆరు దశలున్నాయి. తెల్లగా ఉబ్బిన మొగ్గల దశ, అంటే ఐదోది, వచ్చిందని విన్నారంటే ఇక కొద్ది రోజులే. అప్పుడు బయల్దేరే ఏర్పాట్లు చేసుకోండి. జెఫర్సన్ స్మారకం దగ్గర ఒక చెట్టు మిగతావాటికంటే వారం పది రోజులు ముందే పూస్తుంది. దాన్ని సూచిక చెట్టు అంటారు. దాని ఫొటో చూసి "పూసేశాయి" అనుకుని పరుగెత్తిన కుటుంబాలు చాలానే ఉన్నాయి.

2. ముందురోజు రాత్రి మరోసారి సరిచూడండి

వేడుక ఆరుబయట కాబట్టి వాన, ఈదురుగాలి ఉంటే వేళ గానీ వేదిక గానీ మారవచ్చు. టైడల్ బేసిన్ చుట్టూ ఉన్న గోడలు కుంగి, ఆటుపోట్లకు నీళ్లు నడకదారి మీదికి రావడంతో 2024లో భారీ మరమ్మతులు మొదలుపెట్టారు. ఆ పనుల కోసం సుమారు 140 చెర్రీ చెట్లు తీసేశారు. తొర్రపడిన మోడుతోనే ఏటా పూసి అందరికీ ప్రియమైన చిన్న చెట్టు "స్టంపీ" కూడా వాటిలో ఉంది. ఇలాంటి పనులప్పుడు దారులు మూస్తారు, తెరుస్తారు. పోయినేడు మీ స్నేహితులు నడిచిన దారి ఈ ఏడు ఉంటుందన్న హామీ లేదు. పార్క్ సర్వీస్ పెట్టే పటం ఒకసారి చూసి బయల్దేరండి.

3. కారు ఇంట్లో వదిలేయండి

ఈ మాట అందరూ వింటారు, సగం మంది పాటించరు. పూల రోజుల్లో టైడల్ బేసిన్ దగ్గర పార్కింగ్ దొరకడం గగనం. కొన్ని రోడ్లు మూసేస్తారు కూడా. వేడుక ముగిసే వేళకు మీరింకా చోటు వెతుకుతూ తిరుగుతుంటారు.

యాష్‌బర్న్, హెర్న్‌డన్, రెస్టన్ వైపు తెలుగువాళ్లకు 2022 నవంబరు నుంచి బెంగ తీరింది. సిల్వర్ లైన్ యాష్‌బర్న్ దాకా వచ్చింది. ఎక్కి కూర్చుంటే మధ్యలో మారనక్కర్లేకుండా స్మిత్సోనియన్ స్టేషన్‌లో దిగవచ్చు. గంటకు పైగా పడుతుంది. మేరీలాండ్‌లో షేడీ గ్రోవ్, రాక్‌విల్ వైపు నుంచి వచ్చేవాళ్లు రెడ్ లైన్ ఎక్కి మెట్రో సెంటర్‌లో దిగి, బ్లూ, ఆరెంజ్, సిల్వర్‌లలో ఏదో ఒకటి అందుకుంటే రెండో స్టేషన్ స్మిత్సోనియన్. గ్రీన్ లైన్ మీద వచ్చేవాళ్లు లాన్‌ఫాంట్ ప్లాజాలో దిగి నడవవచ్చు, లేదా అక్కడే రైలు మారి ఒక్క స్టేషన్ ముందుకు పోవచ్చు. ఐదేళ్లలోపు పిల్లలు ఇద్దరి వరకు ఒక పెద్దమనిషితో ఉచితంగా వెళ్లవచ్చు.

హెచ్చరిక: వారాంతాల్లో మెట్రో పట్టాల పనులుంటాయి. రైలుకూ రైలుకూ మధ్య వ్యవధి పెరుగుతుంది. ఉన్న సమయానికి అరగంట కలుపుకుని బయల్దేరండి.

పెద్దవాళ్లు అంతదూరం నడవలేకపోతే టాక్సీలో వచ్చి, మార్టిన్ లూథర్ కింగ్ స్మారకం దరిదాపుల్లో దిగి నడవడం మేలు. దారిలోని కట్జ్ వంతెన మీదే ఆపమని డ్రైవరుతో పేచీ పెట్టుకోకండి, అక్కడ ఆపనివ్వరు.

4. స్టేషన్ నుంచి లాంతరు దాకా

స్మిత్సోనియన్‌లో రెండు బయటి దారులున్నాయి. ఒకటి పచ్చిక మైదానం మధ్యలోకి తీసుకెళ్తుంది. మీకు కావలసింది ఇండిపెండెన్స్ అవెన్యూ దారి. పైకి రాగానే పడమర వైపు తిరగండి. వాషింగ్టన్ స్తంభం మీ కుడిచేతి వైపున ముందు కనిపిస్తుండాలి. ఎడమవైపు కనిపించిందంటే వెనక్కి నడుస్తున్నారన్నమాట. తిన్నగా పది, పదిహేను నిమిషాలు నడిస్తే నీళ్ల మీద కట్జ్ వంతెన వస్తుంది. వంతెన దాటి, నీటి ఒడ్డున, 17వ వీధి ముగిసే చోటికి చేరుకోండి. లాంతరు ఆ పరిసరాల్లోనే ఉంటుంది.

సరైన చోటికి వచ్చారో లేదో ఇలా తెలుసుకోండి. నీటికి ఎదురుగా నిలబడితే అవతలి ఒడ్డున జెఫర్సన్ స్మారకం తెల్లని గుమ్మటం కనిపించాలి. వెనక్కి తిరిగితే వాషింగ్టన్ స్తంభం కనిపించాలి. రెండూ కుదిరితే మీరు ఉత్తరపు ఒడ్డున ఉన్నట్టే.

టైడల్ బేసిన్ ఒడ్డునే మరో జపాన్ కానుక ఉంది. అంతస్తులు అంతస్తులుగా పేర్చిన రాతి గోపురం. యొకోహామా మేయర్ ఇచ్చినది, 1958లో ప్రతిష్ఠించారు. దాన్ని చూసి లాంతరు అనుకుని అక్కడే కాచుకుని కూర్చునేవాళ్లుంటారు. చుట్టూ కుర్చీలు, మైకులు, నిర్వాహకులు కనిపించకపోతే మీరున్నది వేరే చోట. లాంతరు రాయి బూడిద రంగులో ఉంటుంది, కింద దిమ్మ, మధ్యలో కంబం, పైన దీపపు గూడు, ఆపైన గొడుగులాంటి కప్పు. మన గుళ్లలో రాతి దీపస్తంభం చూసిన కంటికి అది పరాయిదిగా అనిపించదు.

5. గంట ముందు చేరుకుని చోటు చూసుకోండి

కుర్చీలు పరిమితంగా ఉంటాయి, ముందు వరుసలు అతిథులకు కేటాయిస్తారు. వాటిలో కూర్చుని తరువాత లేవవలసి రావడం పెద్దవాళ్లకు నామోషీగా ఉంటుంది. అందువల్ల కూర్చునే ముందు ఎవరినైనా నిర్వాహకులను అడగండి. నిలబడి చూసేవాళ్లు వేదికకు ఎదురుగా కాకుండా కాస్త పక్కగా, లాంతరు గూడు కనిపించేలా చోటు చూసుకోవాలి. ఎదురుగా నిలబడితే ప్రసంగించేవాళ్లు బాగా కనిపిస్తారు కానీ, దీపం పెట్టేటప్పుడు ఫొటోలు తీసేవాళ్ల వీపులు అడ్డొస్తాయి.

చలి సంగతి మరచిపోకండి. ఎండ కాస్తోందని పల్చటి బట్టల్లో వచ్చినవాళ్లు నీటి మీది గాలికి అరగంటలో వణికిపోతారు. మరుగుదొడ్లు జెఫర్సన్, రూజ్‌వెల్ట్ స్మారకాల దగ్గర ఉన్నాయి. పిల్లల్ని వేడుక మొదలయ్యే ముందే తీసుకెళ్లి రండి. మధ్యలో వెళ్తే వరుసలో నిలబడి తిరిగొచ్చేసరికి దీపం పెట్టడం అయిపోతుంది.

6. వేడుక జరిగేటప్పుడు

క్రమం ఏటా కొంచెం మారుతుంది. సంగీతం, ప్రసంగాలు, రాష్ట్రాల తరఫున ఎంపికైన చెర్రీ పూల రాకుమార్తెల పరిచయం, ఆ తరువాత లాంతరు వెలిగించడం ఉంటాయి. దీపం వెలిగించే గౌరవం ఆ యువతుల్లో ఒకరికి దక్కుతుంది. ఆ కాసేపు ఫోను దించి చూడమని నా మనవి. పట్టపగలు కాబట్టి మిరుమిట్లు గొలిపే వెలుగేమీ ఉండదు. గూటి లోపల చిన్న మంట. మొదట పట్టి పట్టి చూస్తే తప్ప కనిపించదు, కాసేపటికి నల్లని గూటిలో పచ్చగా కదలడం తెలుస్తుంది. ఫోను తెరలో అది అసలు కనిపించదు.

జాతీయగీతాల విషయం చాలామంది అడుగుతారు. రెండు దేశాల గీతాలు వినిపిస్తే రెండింటికీ ఒకే మర్యాద. లేచి, నిటారుగా, మౌనంగా నిలబడండి. టోపీ తీయండి. అమెరికా పౌరులు తమ గీతానికి కుడిచేయి గుండె మీద పెట్టుకుంటారు. మీకు ఆ పౌరసత్వం లేకపోతే అలా పెట్టనక్కర్లేదు. ఇతర దేశాల పౌరులు సావధానంగా నిలబడితే చాలని అమెరికా జెండా నియమావళే చెబుతోంది. చుట్టూ అందరూ పెట్టారు కదా అని అమ్మానాన్న కంగారు పడనవసరం లేదు. ముందే చెప్పి ఉంచండి. జపాన్ గీతం చాలా చిన్నది, మంద్రంగా సాగుతుంది. ఇంకా మొదలే కాలేదనుకుని మాట్లాడుకునేవాళ్లూ, మధ్యలో ఆగిందనుకుని చప్పట్లు కొట్టేవాళ్లూ ఉంటారు. వేదిక మీదివాళ్లు కూర్చున్నాకే మీరు కూర్చోండి.

ప్రసంగాలు ఇంగ్లీషులో ఉంటాయి. పిల్లలు విసుగు పడితే ముందురోజే వాళ్లకు ఈ కథ చెప్పి పెట్టండి: పురుగు పట్టిన మొక్కలు, కోపగించుకోకుండా మళ్లీ పంపిన మేయరు, యుద్ధం, ఆ తరువాత వచ్చిన దీపం. కథ తెలిసిన పిల్లలు లాంతరు ఎక్కడుందో మీకంటే ముందే వెతుకుతారు.

7. జపాన్ అతిథులతో పలకరింపు

వేడుక ముగిశాక అతిథులు, కిమోనోలు కట్టుకున్నవాళ్లు కాసేపు అక్కడే ఉంటారు. మాట్లాడాలనిపిస్తే మొహమాటపడకండి. తల కొద్దిగా వంచి "కొన్నిచివా" అంటే చాలు. మన నమస్కారం వాళ్లకు చక్కగా అర్థమవుతుంది. భుజం మీద చేయి వేయడం, కిమోనో బట్ట పట్టుకుని చూడటం వద్దు. ఫొటో కావాలంటే అడిగి తీసుకోండి. విజిటింగ్ కార్డు ఇస్తే రెండు చేతులతో అందుకుని, చదివి, ఆ తరువాతే జేబులో పెట్టుకోండి. చదవకుండా వెనక జేబులోకి తోసేయడం వాళ్లకు నొప్పి కలిగిస్తుంది.

8. తిరిగి వెళ్లేముందు

లాంతరుకు దగ్గర్లోనే, 17వ వీధి చివర, 1912లో నాటిన మొదటి రెండు చెట్లు ఇంకా ఉన్నాయి. పక్కనే కంచు ఫలకం ఉంటుంది. జనం వాటిని చూడకుండానే దాటిపోతుంటారు. నూరేళ్లు దాటిన ఆ బోదెల బెరడు నల్లబడి, గరుకెక్కి, అడ్డంగా గీతలు పడి ఉంటుంది. లేత కొమ్మలు మాత్రం ఏటా కొత్తగానే పూస్తాయి. చేత్తో తాకి చూడాలనిపిస్తుంది, కానీ వేర్ల మీద మట్టి తొక్కకుండా దారి మీద నుంచే చూడండి.

ఓపిక ఉంటే బేసిన్ చుట్టూ నడవండి, సుమారు మూడున్నర కిలోమీటర్లు. లేకపోతే వచ్చిన దారినే వెళ్లండి. జనం అంతా ఒకేసారి స్మిత్సోనియన్ మెట్ల దగ్గర చేరతారు. పెద్దవాళ్లతో ఆ తోపులాటలో పడకుండా, కాసేపు కూర్చుని తెచ్చుకున్న పులిహోర తిని బయల్దేరండి. లేదా లాన్‌ఫాంట్ ప్లాజా దాకా నడవండి, అక్కడ ఐదు లైన్ల రైళ్లు దొరుకుతాయి.

తరచుగా జరిగే పొరపాట్లు

కొమ్మ వంచి ఫొటో తీయించుకోవడం. ఇది మనవాళ్లలో ఎక్కువగా చూస్తున్నాను, బాధేస్తుంది. మల్లెపూలు కోసినట్టు రెండు పూలు కోసి జడలో పెట్టుకోవడం, రాలిన పూరేకుల కోసం చెట్టును ఊపడం, పిల్లవాణ్ణి కొమ్మల పంగలో కూర్చోబెట్టడం, ఇవన్నీ నిషిద్ధం. పార్కు పోలీసులు జరిమానా వేయవచ్చు. జరిమానా సంగతి అటుంచండి, అది ఒక దేశం మరో దేశానికి ఇచ్చిన కానుక. కొమ్మ విరిగితే ఆ చోట మళ్లీ చిగురించడం కష్టం, గాయంలోంచి తెగులు చేరుతుంది. పూలు మొహానికి దగ్గరగా రావాలంటే మీరే కిందికి వంగిన కొమ్మ దగ్గరికి వెళ్లండి, కొమ్మను మీ దగ్గరికి లాగకండి.

డ్రోన్ తేవడం. వాషింగ్టన్ అంతటా డ్రోన్లు ఎగరేయడం నిషేధం, ఇక్కడ మరీ కఠినం. పెట్టెలో తెచ్చి "ఒక్క నిమిషం" అనుకున్నా చిక్కుల్లో పడతారు.

ప్రారంభోత్సవానికి నమోదు చేసుకుని, అదే లాంతరు వేడుక అనుకోవడం. టికెట్టు మీద థియేటర్ పేరు ఉంటే అది వేరు.

పోయినేటి తేదీ చూసి రావడం. ఫోనులో వెతికితే పాత ప్రకటనలే పైన కనిపిస్తాయి. ప్రకటనలో సంవత్సరం ఉందో లేదో చూడండి. లేకపోతే అందులోని తేదీ, వారం ఈ ఏడాది క్యాలెండర్‌తో కలుస్తున్నాయో సరిపోల్చండి. ఆదివారం అని రాసి ఉన్న తేదీ ఈ ఏడు మంగళవారం పడిందంటే అది పాతదే.

పూలు తప్పిపోతే

వేడుకకు వెళ్లేసరికి యోషినోలు రాలిపోయి ఉండవచ్చు. దిగులు పడకండి. రెండు వారాల తరువాత క్వాన్‌జాన్ రకం పూస్తుంది. గుత్తులు గుత్తులుగా, ముద్దపూలుగా, ముదురు గులాబీ రంగులో ఉంటాయి. అవి ఈస్ట్ పొటోమాక్ పార్కులో ఎక్కువ. నాకైతే మనవాళ్ల కంటికి అవే ఎక్కువ నచ్చుతాయనిపిస్తుంది. జాతీయ వృక్షవాటికలో రకరకాల చెర్రీలు ముందూ వెనకగా పూస్తాయి కాబట్టి అక్కడ ఎప్పుడు వెళ్లినా ఏదో ఒకటి దొరుకుతుంది. బెథెస్డాలోని కెన్‌వుడ్ వీధులు కూడా పూల పందిళ్లలా ఉంటాయి. అవి ఇళ్ల మధ్య ఉన్న వీధులు, వాకిళ్లలోకి వెళ్లకుండా, కారు అడ్డంగా పెట్టకుండా చూసి రండి.

కొత్త చెట్లు కూడా వస్తున్నాయి. అమెరికా స్వాతంత్ర్యానికి 2026లో 250 ఏళ్లు నిండే సందర్భంగా మరో 250 చెర్రీ చెట్లు ఇస్తామని 2024 ఏప్రిల్‌లో అప్పటి జపాన్ ప్రధాని కిషిదా వాషింగ్టన్‌లో ప్రకటించారు. మరమ్మతుల్లో పోయినవాటి చోటు భర్తీకి అవి అక్కరకొస్తాయి. చిన్న మొక్కల చుట్టూ కంచె కనిపిస్తే దాటకండి.

జపాన్‌లో ఉండే తెలుగువాళ్లకు

టోక్యోలో ఉంటున్నవాళ్లు ఇదే స్నేహాన్ని అటువైపు నుంచి చూడవచ్చు. ఇజు ద్వీపకల్పం చివరన ఉన్న షిమోదా పట్టణంలో మే నెలలో నల్ల ఓడల ఉత్సవం జరుగుతుంది. 1854లో, పైన చెప్పిన తొలి ఒప్పందం కుదిర్చిన అమెరికా నౌకాదళాధికారి పెరీ నౌకలు వచ్చి లంగరు వేసిన రేవు అది. ఆ ఒప్పందానికి అదనపు షరతులు రాసుకున్న ర్యోసెంజి ఆలయం, తొలి అమెరికా కాన్సులేట్ నడిచిన గ్యోకుసెంజి ఆలయం రెండూ అక్కడే ఉన్నాయి. గ్యోకుసెంజిలో అమెరికా నావికుల సమాధులున్నాయి, ఉత్సవంలో భాగంగా వాళ్లకు శ్రద్ధాంజలి ఘటిస్తారు. అమెరికా నౌకాదళం వాళ్లు కూడా ఊరేగింపులో నడుస్తారు. టోక్యో స్టేషన్ నుంచి ఒదొరికో ఎక్స్‌ప్రెస్ నేరుగా ఇజుక్యు షిమోదా స్టేషన్‌కు రెండున్నర, మూడు గంటల్లో చేరుస్తుంది. వెళ్లేది వారాంతం కాబట్టి రానూపోనూ సీట్లు ముందే కొనుక్కోండి. శ్రద్ధాంజలి జరిగేటప్పుడు సమాధుల మధ్య నిలబడి ఫొటోలు తీయకండి, గుడి మెట్ల దగ్గర నిలబడితే అన్నీ కనిపిస్తాయి.